ఊడిపోవాల్సిన కుట్టు

క్యాంపు, ఫిబ్రవరి 9

అత్తయ్యకి, తల నిండా ఇసుకతో మీ కోడలు రాస్తున్నది.

మీ ఉత్తరం పోయిన మంగళవారం నీళ్ళ లారీలో వచ్చింది. డ్రైవరు ముందు ఉత్తరాలు పంచి, తర్వాతే గొట్టం బిగించాడు. వారానికోసారి వచ్చే ఆ లారీయే మాకు పోస్టాఫీసు. ఫోను ఎందుకు చెయ్యవని అడిగారు. ఉప్పునేల దాటగానే అది ఉత్త రాయి. వైర్‌లెస్ సెట్టు ఒకటి ఉంది గానీ, దాన్ని ముట్టుకోవాలంటే ఎవరో ఒకరు చావుబతుకుల్లో ఉండాలని మా ప్రొఫెసర్ గారి రూలు.

మేం ఎడారిలోకి వచ్చి నాలుగు నెలలైంది. మార్చి ఇరవై సాయంత్రంతో అనుమతి అయిపోతుంది. ఆ తర్వాత వడగాలులు మొదలవుతాయి, ఇక్కడ మనిషన్నవాడు ఉండలేడు. ఈలోగా మా ఆరు నక్కలు ఎక్కడ తిరుగుతున్నాయో, ఏం తింటున్నాయో, మిట్టమధ్యాహ్నం ఎక్కడ తలదాచుకుంటున్నాయో పుస్తకాలకెక్కించాలి. మీరు కుట్టిచ్చిన మెడపట్టీలూ, వాటి మీద అగ్గిపెట్టెంత రేడియో డబ్బాలూ లేకపోతే మాకు తోక కూడా కనపడేది కాదు. వాటికి పేర్లు పెట్టాం: ముసలాడు, తెల్లచెవి, సోంబేరి, బొద్దమ్మ, జగడాలమారి, గడుగ్గాయి. గడుగ్గాయి ఆడపిల్ల. పట్టీ కట్టేనాటికి దానికి ఆరు నెలలు కూడా లేవు. ఒకసారి బోనులో పడింది, అంతే, మళ్ళీ బోను ఛాయలకి రాలేదు. ఎరగా పెట్టిన మాంసం మాత్రం బయట నుంచి కాలు పెట్టి లాక్కుని పోతోంది.

ఒక్క సంగతి. ఆరు పట్టీల్లో ఒక్కటీ ఇంతవరకూ ఊడలేదు. ప్రొఫెసర్ గారు తెగ ఆశ్చర్యపోతున్నారు. మీరు ఏ దారం వాడారో గుర్తుంటే ఒక్క ముక్క రాయండి.

మీ అబ్బాయి చొక్కా బొత్తాలు ఊడితే మీరు కుట్టిపెట్టకండి. అలవాటైపోతుంది, తర్వాత నా పీకల మీదికి వస్తుంది.

మీ కోడలు

*

ఇల్లు, ఫిబ్రవరి 14

అమ్మాయ్,

ఊడుతుందా! నా చేతి కుట్టు ఊడిందని షాపు మెట్లెక్కిన మనిషి ఈ నలభై ఏళ్ళలో ఒక్కడూ లేడు. వీధి చివర డాక్టరుగారి సంచి నీ పెళ్ళికి పదేళ్ళ ముందు కుట్టింది. తోలు అరిగి దూదిలా అయింది గానీ కుట్టు చెక్కు చెదరలేదు. మీ ప్రొఫెసర్ గారు ఆశ్చర్యపోతున్నారంటే ఆయన ఇంతవరకూ మంచి కుట్టు చూడలేదన్నమాట.

దారం సంగతి ఎందుకు అడిగావో అర్థమైంది. కాలేజీవాళ్ళకి చెప్పి అదే తెప్పిద్దామనే కదా! విను. నువ్విచ్చిన కాగితంలో డబ్బాకి ఎడమపక్క, పట్టీ రెండు ముక్కలూ కలిసేచోట, 'ఇక్కడ మాత్రం నూలు దారం, రెండు పోగులు' అని రాసి ఉంది. చదివి నవ్వుకున్నాను. తోలు ముట్టుకోనివాడెవడో కుర్చీలో కూర్చుని రాసుంటాడు. నూలు దారమైతే చెమటకి కుళ్ళి, ఎండకి పొడిపొడై, నాలుగైదు నెలలకి పుటుక్కున తెగుతుంది. నువ్వు నలుగురిలో తల దించుకోవాలి. నా కోడలికి ఆ గతి పట్టనిస్తానా? నైలాన్ దారం తీసి, నాలుగు పోగులు పేని, మూడుసార్లు మైనం పట్టించి, రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టాను. కుట్టు రాపిడికి అరగకుండా తోలులో గాడి తీసి అందులో దించాను. లోపల కాన్వాసు కూడా వేశాను. తెల్ల దారమే వాడాను కాబట్టి కాగితం రాసినవాడికి తేడా తెలీదు. ఏనుగుకి కట్టినా నిలుస్తుంది.

ఇంకో సంగతి. పెయింటర్ని పిలిచి షాపు బోర్డు కింద ఒక వరుస కొత్తగా రాయించాను. 'ఎడారి జంతువుల మెడపట్టీలు కూడా కుట్టబడును' అని. మీ ఆయన బడి నుంచి వస్తూ అది చూసి, "మన వీధిలో ఎన్ని ఎడారులున్నాయమ్మా?" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, ఏదైనా లెక్కపెట్టాలి. నేను పట్టించుకోలేదు.

బొత్తాల సంగతి నువ్వు ఆలస్యంగా చెప్పావు. మూడు కుట్టేశాను. అవి కూడా ఊడవు.

మీ అత్తయ్య

*

క్యాంపు, ఫిబ్రవరి 17

అత్తయ్యా,

లారీ నీళ్ళు దించేలోపు రాయాలి. అరగంట ఉంది.

ఆ పట్టీలు ఊడిపోవాలి. అందుకే నూలు దారం. నాలుగైదు నెలలకి కుట్టు దానంతటది చివికి పట్టీ రాలిపోతే, నక్కని మళ్ళీ పట్టుకుని హింసపెట్టే పని ఉండదు. కాగితంలో రాసింది రాసినట్టు ఎందుకు కుట్టలేదు? ఇప్పుడు ఆరింటినీ పట్టుకుని విప్పాలి. ముప్ఫై ఒక్క రోజులే ఉన్నాయి. మిగతావి పెద్దవి, వాటికి వదులుగానే ఉంది. గడుగ్గాయి ఎదుగుతోంది. నిన్న బైనాక్యులర్స్‌లో చూస్తే వెనక కాలితో మెడ గోక్కుంటూ కనపడింది. పట్టీ కింద బొచ్చు ఊడిపోయింది. ఆ పట్టీ అలాగే వదిలేసి వస్తే ఈ వేసవి అది దాటదు.

ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఆయన తిట్టకుండా, మిగిలిన రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అదే భరించలేకుండా ఉంది.

ఇంకెవరికీ కుట్టివ్వకండి.

కోడలు

*

ఇల్లు, ఫిబ్రవరి 21

కోడలికి,

నీ ఉత్తరం అందింది. మీ ఆయన్ని చదవమన్నాను. చదివి, "ఊడిపోవాలనే కదమ్మా కట్టేది, నాకు తెలుసుగా" అన్నాడు. "తెలిస్తే ఏడవచ్చుగా!" అని అరిచాను. "నువ్వు నైలాన్ వాడావని నాకు చెప్పావా?" అన్నాడు. అదీ నిజమే. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

ఇంకెవరికీ కుట్టద్దన్నావు. సరే. బోర్డు మీద కొత్త వరుసకి నల్లరంగు పూయించాను. బయటివాళ్ళ సంచులు రెండు చేతిలో ఉంటే, సగంలోనే తిరిగిచ్చేశాను. షట్టరు దించి తాళాలు మీ ఆయనకిచ్చాను. కుట్టడం తప్ప వేరే పని చేతకాని మనిషిని, కానీ ఒక మూగజీవి మెడకి ఉరి బిగించాక ఇంకా సూది పట్టుకోవడం ఏం బాగుంటుంది.

నీ ఉద్యోగానికి ముప్పు వస్తే మీ ప్రొఫెసర్ గారి చిరునామా పంపు. తప్పంతా నాదేనని నేనే రాస్తాను. నా అక్షరాలు బాగోకపోయినా భావం తెలుస్తుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

అత్తయ్య

*

క్యాంపు, ఫిబ్రవరి 23

అత్తయ్యా,

రేపు లారీ వస్తుంది. మీ దగ్గర్నుంచి ఏం వస్తుందో తెలీదు, ఈలోగానే ఇది రాసిపెడుతున్నాను. పోయిన వారం కోపంలో చేతికొచ్చింది రాసేసి కవరు అంటించాను. లారీ ఉప్పునేల దాటకముందే వెనక్కి పిలవాలనిపించింది. కేకేస్తే వినపడే దూరం కాదు.

కాగితం ఇచ్చింది నేను. నూలు ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే మీరు మార్చేవారు కాదు. పట్టీలు మీరిచ్చాక పెట్టెలో సర్దుకుంది నేను. తెల్లగా కనపడింది, నూలే అనుకున్నాను, గోరుతో గీరి కూడా చూడలేదు. అత్తయ్య కుట్టింది కదా, ఇంక చూసేదేముంది అనుకున్నాను. కాబట్టి ఇందులో సగం నాది. ప్రొఫెసర్ గారికి కూడా ఇదే చెప్పాను. "సగాలు తర్వాత పంచుకుందువు గానీ, ముందు నక్కల సంగతి చూడు" అన్నారు.

గురువారం తెల్లవారేసరికి ముసలాడు బోనులో ఉన్నాడు. సంబరపడ్డాను. మా జీపు డ్రైవరు పట్టుకున్నాడు, నేను కత్తెర పట్టాను. తోలు ఎండకి చెక్కలా బిగిసిపోయింది. కత్తెర కాన్వాసు దగ్గర ఆగిపోయింది. దారం తెంపుదామంటే గాడిలో ఎక్కడో లోపల ఉంది, మొన అందదు. ఒకచోట తెంపాను. ఏమీ కాలేదు, పక్క కుట్టు పట్టి ఉంచింది. ఇంకోచోట తెంపాను. అంతే. పదకొండు నిమిషాలు. వాడి నాలుక బయటికి వచ్చేసింది. "ఇంక చాలు, వదిలెయ్" అన్నారు ప్రొఫెసర్ గారు. పట్టీతోనే వదిలేశాం. నీరసంగా నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

ఆ కుట్టు ఎలా విప్పాలో తెలిసేదాకా ఇంకో నక్కని పట్టుకోవద్దని ప్రొఫెసర్ గారి ఆర్డరు. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. మీకు సాధ్యమైనంత వివరంగా రాయండి అత్తయ్యా. నేను తోలు పనిలో ఒకటో తరగతి అనుకుని రాయండి.

మీ కోడలు

*

ఇల్లు, ఫిబ్రవరి 28

అమ్మాయ్,

నీ ఇరవై మూడో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. మీ ఆయన దగ్గర తాళాలు లాక్కుని షట్టరెత్తాను. ఇరవై నాలుగు గంటలు కూర్చుని ఈ పార్శిల్ తయారు చేశాను. జాగ్రత్తగా విను.

అందులో ఒక వంకీ కత్తి ఉంది. కుట్టు విప్పడానికి వాడేది. చూడ్డానికి చిలకముక్కులా ఉంటుంది. వంపు లోపలివైపు పదును, బయటివైపు మొద్దు. పనిలో చేరిన కొత్తలో సూదికన్నా ముందు ఇదే ఇచ్చారు నాకు. విప్పడం రానిదే కుట్టడం నేర్పేవాళ్ళు కాదు. బయటివైపు మొద్దు కాబట్టి ఒంటికి తగిలినా గీసుకోదు. కత్తెర పక్కన పారెయ్.

నువ్వు తప్పుచోట తెంపావు. రెండు సూదుల కుట్టులో మధ్యలో ఎక్కడ తెంపినా ఫలితం ఉండదు, ఒక దారం పోతే ఇంకో దారం పట్టుకుంటుంది. మొదలు పెట్టినచోట తెంపాలి. మొదలు ఎక్కడో చెప్తాను. బొటనవేలు డబ్బా ఎడమ అంచు మీద పెట్టు. చూపుడువేలు పట్టీ మీదుగా జరుపు. గాడి తగులుతుంది. గాడిలో పైనుంచి మూడో కుట్టు దగ్గర ఆవగింజంత ముడి వేలికి తగులుతుంది. అది తెంపు. దాని కింద రెండు కుట్లు తెంపు. అప్పుడు డబ్బాని గట్టిగా కిందికి వంచు. ఎండకి మైనం మెత్తబడి ఉంటుంది కాబట్టి మిగతా దారం జారిపోతుంది. లాగకు. వంచు.

ఆ ముడి అక్కడెందుకుందని అడుగుతావు. మామూలుగా ముడి కనపడకుండా దాచాలి. నేను దాచను, పైకే ఉంచుతాను. నా ఎడమకన్ను రెండేళ్ళుగా మసక. కుడిది కూడా అదే దారిలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. కుట్టు ఎక్కడ మొదలైందో వేలితో తెలుసుకోవడానికి ఆ ముడి పెట్టుకుంటాను. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, దీని మీద పెద్ద రాద్ధాంతం చెయ్యకు.

పార్శిల్‌లో ఒక పొడుగు పట్టీ కూడా ఉంది. దాని మీద అదే కుట్టు ఇరవైచోట్ల వేశాను. అది నీ పలక. కళ్ళు తెరిచి పది విప్పు, కళ్ళు మూసుకుని పది విప్పు. చేతికి పని వచ్చేదాకా నక్క జోలికి పోకు.

మీ అత్తయ్య

*

క్యాంపు, మార్చి 10

అత్తయ్యా,

మీ పార్శిల్ మూడో తారీఖు లారీలోనే వచ్చింది. పలక మీద ఇరవై కుట్లూ విప్పాను. మొదటిదానికి ఆరు నిమిషాలు పట్టింది, ఆఖరిదానికి నలభై సెకన్లు. ప్రొఫెసర్ గారు గడియారం పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

ఈ వారంలో ముసలాడు, తెల్లచెవి, సోంబేరి, బొద్దమ్మ, నాలుగింటికీ పట్టీలు తీసేశాం. ఒక్కోదానికి రెండు నిమిషాల లోపే. సోంబేరి అయితే పట్టీ తీశాక కూడా డ్రైవరు ఒళ్ళోంచి లేవలేదు. ఇంక జగడాలమారి, గడుగ్గాయి మిగిలాయి.

మీ ఫిబ్రవరి ఇరవై ఒకటి నాటి ఉత్తరం నాకు నా క్షమాపణ పోస్టు చేసిన రోజే చేరింది. ఇంకెవరికీ కుట్టివ్వకండి అంటే నక్కల పట్టీలు అని నా ఉద్దేశం. డాక్టర్ల సంచులేం పాపం చేశాయి? ఒక మాట సగం రాసి మింగేస్తే ఎంత పనైందో చూడండి. మీ షాపు మూతపడిందన్న ముక్క మూడుసార్లు చదివాను. తర్వాత వారం, షట్టరెత్తాననే ముక్క చదివి లారీ డ్రైవరుకి రెండు కప్పులు టీ పోశాను. అతనికి ఎందుకో తెలీదు.

కన్ను సంగతి మీద రాద్ధాంతం చెయ్యను. మీ అబ్బాయికి విడిగా ఉత్తరం రాశాను, అతను చేస్తాడు.

మీ కోడలు

*

మార్చి 21, దారిలో విడిది

అత్తయ్యా,

మంచం, ఫ్యాను, కుళాయి ఉన్న గదిలో కూర్చుని రాస్తున్నాను. స్నానం చేస్తే ఐదు నెలల ఇసుక కాలవ కట్టింది. కుడిచేతికి కట్టుంది కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. కంగారు పడకండి, మొత్తం చెప్తాను.

జగడాలమారి పదిహేనో తారీఖున దొరికింది. గడుగ్గాయి దొరకలేదు. బోన్లు మార్చాం, చోట్లు మార్చాం, బోనుకి ఇసుక పూశాం. అది వచ్చి చుట్టూ తిరిగి వెళ్ళినట్టు పొద్దున్నే అడుగులు కనపడేవి. పంతొమ్మిదో తారీఖు సాయంత్రం దాని రేడియో మూలగడం మొదలుపెట్టింది, బ్యాటరీ అయిపోవచ్చింది. అది ఆగిపోతే ఇంక అంత ఎడారిలో దాన్ని వెతకడం మన వల్ల కాదు.

నిన్న ఆఖరి రోజు. తెల్లవారేసరికి సగం గుడారాలు విప్పేశారు. "అమ్మాయ్, పన్నెండింటికి బండ్లు కదలాలి. అనుమతి సాయంత్రంతో సరి, సరిహద్దు చెక్‌పోస్టుకి ఐదు గంటల దారి" అన్నారు ప్రొఫెసర్ గారు. "పన్నెండు దాకా నాదే కదండీ?" అన్నాను. ఆయన యాంటెనా తీసి నా చేతికిచ్చారు. "పన్నెండు దాకా నీదే. డ్రైవరుని తీసుకెళ్ళు."

ఆరింటికి బయల్దేరాం. యాంటెనా ఎత్తి పట్టుకుని తిన్నె తర్వాత తిన్నె ఎక్కాను. ఏమీ లేదు. ఎనిమిదింటికి ఎండ చురుక్కుమనడం మొదలైంది. "వెనక్కి పోదామా మేడమ్?" అన్నాడు డ్రైవరు. "నీకు ఇంట్లో ఎవరైనా ఎదురు చూస్తున్నారా?" అన్నాను. "అందరూ చూస్తున్నారు" అన్నాడు. "అయితే తొందరగా వెతుకు" అన్నాను. నవ్వేసి జీపు ఇంకో తిన్నె వైపు తిప్పాడు.

పదింపావుకి చెవిలో చిన్న 'టిక్' వినపడింది. ముందు నా భ్రమ అనుకున్నాను. మళ్ళీ వినపడింది. ఎర్రరాళ్ళ వరుస దగ్గర ఒక చదును బండ, దాని కింద బొరియ. ఎండకి తాళలేక లోపల పడుకుని ఉంది. బొరియకి రెండు నోళ్ళు. ఒకదానికి డ్రైవరు వల బిగించి దాని మీదే కూర్చున్నాడు. రెండోదాని ముందు నేను బోర్లా పడుకున్నాను. టార్చి వేస్తే చేతికందే దూరంలో తోక కనపడింది, అంతే. ముఖం గోడవైపు పెట్టుకుని ముడుచుకుపోయింది. అది దూరిన పక్కసందు అక్కడితో ఆగిపోయింది, ఇంక ముందుకి పోలేదు.

"తవ్వనా?" అన్నాడు డ్రైవరు. తవ్వితే బండ కింద ఇసుక కూలి దాని మీదే పడుతుంది. తోక పట్టుకుని లాగితే బెదిరిపోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. "వద్దు. లోపలే విప్పుతాను" అన్నాను. "కనపడకుండా ఎలా విప్పుతారు?" అన్నాడు. "మా అత్తయ్య రోజూ అలాగే కుడుతుంది" అన్నాను.

వంకీ కత్తి అరచేతిలో ఇరికించుకున్నాను, చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. చెంప బండకి ఆనించాల్సి వచ్చింది, అది పెనంలా ఉంది. ముందు నడుము తగిలింది. వణుకుతోంది. తర్వాత వీపు. తర్వాత పట్టీ. ఒకప్పుడు రెండు వేళ్ళ సందు వదిలి కట్టినచోట ఇప్పుడు గోరు కూడా దూరడం లేదు. ఒక్క క్షణం నాకేమీ గుర్తు రాలేదు. డబ్బా ఏ పక్కకి తిరిగి ఉందో, నా చెయ్యి ఏ పక్కనుంచి పోయిందో, అంతా తలకిందులైంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని, పలక నా ముందు ఉందనుకుని ఒకసారి గాలిలో వేళ్ళు జరిపాను. డ్రైవరు నన్ను చూసి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడట, తర్వాత చెప్పాడు.

మళ్ళీ పెట్టాను. బొటనవేలికి డబ్బా అంచు దొరికింది. చూపుడువేలికి గాడి దొరికింది. ఒకటి, రెండు, మూడు. ఆవగింజ. అత్తయ్యా, అది తగలగానే నేను నిజంగా గట్టిగా నవ్వాను. నా నవ్వుకి బెదిరి వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. చేతి మీద నాలుగు గీతలు పడ్డాయి, ఆ కట్టు అదే. కత్తి మాత్రం వదల్లేదు. ముడి తెగింది. కింద రెండు కుట్లు తెగాయి. లాగబోయి, 'వంచు' అని రాశారు కదా, ఆగి వంచాను. దారం ఒకటొకటే జారడం వేళ్ళకి తెలుస్తోంది. పట్టీ విచ్చుకుని నా అరచేతిలోకి వచ్చేసింది. మెడచుట్టూ తడిమి చూశాను. చర్మం ఒరుసుకుపోయింది, చీము లేదు. వేలికి మందు పూసుకుని మళ్ళీ చెయ్యి పెట్టి రాశాను. అప్పటికి అది వణకడం మానేసింది.

వల తీసేసి జీపు దూరంగా పెట్టుకుని కూర్చున్నాం. పదకొండున్నరకి రెండో నోట్లోంచి ముఖం బయటికి వచ్చింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. కూర్చుని, వెనక కాలెత్తి మెడ గోక్కోబోయింది. కాలికి పట్టీ తగల్లేదు. ఆగింది. మళ్ళీ గోకింది. మళ్ళీ ఆగింది. తర్వాత ఒళ్ళంతా ఒకసారి దులుపుకుని, మావైపు కన్నెత్తి కూడా చూడకుండా చల్లగా లోపలికి పోయింది.

క్యాంపుకి వచ్చేసరికి పన్నెండూ పది. బండ్లన్నీ ఇంజను వేసుకుని నిలబడ్డాయి. ప్రొఫెసర్ గారు నా చేతిలో పట్టీ చూశారు, నా చెయ్యి చూశారు. "ఎంతసేపు పట్టింది?" అన్నారు. "గడియారం చూసుకోలేదండీ" అన్నాను. "పుస్తకంలో ఏమని రాయను?" అన్నారు. "ఆరుకి ఆరు అని రాయండి" అన్నాను. రాశారు. ఐదు నెలల పుస్తకంలో అదే ఆఖరి వరుస.

రెండు నెలలు కాలేజీలోనే ఉండి రిపోర్టు పూర్తిచెయ్యాలి. మీ కంటి ఆపరేషన్ రోజుకి మాత్రం వచ్చి తీరతాను. తారీఖు మీ అబ్బాయి ఖాయం చేశాడట, మీరు ఇంకా ఆలోచిస్తున్నానని అన్నారట. ఆలోచించడం అయిపోయిందనుకోండి.

మీ కోడలు

*

ఇల్లు, జూన్ 2

అమ్మాయ్,

ఇది నా చేత్తో, నా కళ్ళతో రాస్తున్నాను. నువ్వు ఆపరేషనుకి వచ్చి వెళ్ళాక డాక్టరు పచ్చ అద్దాలు తీసేశాడు. ఎడమకంటికి లోకం కడిగిపెట్టినట్టుంది. షాపులో ఇంత దుమ్ముందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. మీ ఆయన నెత్తి మీద జుట్టు అంత పలచబడిందనీ తెలీదు. చెప్తే నొచ్చుకున్నాడు.

మీ ప్రొఫెసర్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏటికి పన్నెండు పట్టీలు కావాలట. నా పొరపాటు తెలిసి కూడా నన్నే అడిగాడంటే మంచివాడైనా అయ్యుండాలి, మొండివాడైనా అయ్యుండాలి. కుట్టిస్తానని జవాబు రాశాను. ఒక షరతు పెట్టాను. ఇక్కడ ఈ దారం వాడు అని రాస్తే చాలదు, ఎందుకు వాడాలో కూడా రాయాలి. నీకూ అదే షరతు. నేను కూడా నాకు తోచింది మార్చే ముందు అడుగుతాను. ఇద్దరం రాయడం నేర్చుకుందాం.

ఇక అసలు సంగతి. నాకు తెగని కుట్టు కుట్టడమే తెలుసు. చెప్పినరోజుకి తెగే కుట్టు ఎలా ఉండాలో తెలీదు. అందుకని నువ్వు ఎడారిలో ఉండగానే, మార్చి పదిహేనున, డాబా మీద తీగ కట్టి తొమ్మిది తోలు ముక్కలు వేలాడదీశాను. మూడింటికి రెండు పోగుల నూలు, మూడింటికి మూడు పోగులు, మూడింటికి నాలుగు. ఒక్కోదానికీ నీ రేడియో డబ్బా అంత బరువు రాయి కట్టాను. రోజూ పొద్దున్నే చెమట బదులు ఉప్పునీళ్ళు రాస్తున్నాను. నీకు చెప్పలేదు, ఏదైనా తేలాక చెబుదామనుకున్నాను. మీ ఆయన గోడ మీద రోజులు లెక్క పెడుతున్నాడు. ఆ పనికి మాత్రం పనికొచ్చాడు.

రెండు నెలల పైన ఒక్కటీ కదల్లేదు. నూలు దారం కూడా నా చేతిలో పడితే తెగడం మానేసిందేమోనని బెంగపట్టుకుంది.

ఈ రోజు పొద్దున బట్టలు ఆరేస్తుంటే వెనక టప్పున చప్పుడైంది. తిరిగి చూస్తే రెండు పోగుల ముక్క ఒకటి, రాయితో సహా కింద పడి ఉంది. తీసి చూశాను. ఎవరూ కోసినట్టు లేదు, లాగినట్టు లేదు. ప్రతి కుట్టూ అలిసిపోయి వదిలేసినట్టుంది. తోలు చెక్కుచెదరలేదు. డెబ్బై తొమ్మిదో రోజు. నీకు నాలుగైదు నెలలు కావాలి కాబట్టి మూడు పోగులు వాడాలేమోనని నా అనుమానం. మిగతావి పడ్డాక తేల్చి చెప్తాను, అప్పటిదాకా కాగితంలో ఏమీ రాయకండి.

దాన్ని పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చి మీ ఆయన్ని కేకేశాను. నా గొంతు విని ఏ అఘాయిత్యం జరిగిందోనని, సగం గడ్డానికి సబ్బు నురగతో పరిగెత్తుకుంటూ పైకొచ్చాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"తెగిందిరా!" అన్నాను. "నా కుట్టు తెగింది. ఎంత బాగా తెగిందో చూడు!"

మీ అత్తయ్య